చెత్తకొండ మీద గూళ్లు

అందరికీ నమస్కారం.

న్యూజెర్సీ నుంచి ఔటర్‌బ్రిడ్జ్ వంతెన దాటి న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్ మాల్‌కి వెళ్లినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ పక్కన కనిపించే పచ్చటి గుట్టలు నిజం గుట్టలు కావు. 1948 నుంచి 2001 దాకా న్యూయార్క్ నగరం పోసిన చెత్త అది. ఫ్రెష్ కిల్స్ అనే ఈ చోటు ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద డంపింగ్ యార్డ్. మొత్తం స్థలం 2,200 ఎకరాలు.

అదే చెత్త మీద ఇప్పుడు గ్రాస్‌హాపర్ స్పారో గూడు కడుతోంది. మన గుప్పిట్లో పట్టేంత పిచ్చుక. దాని పాట మిడత చప్పుడులాగే ఉంటుంది, చెవి రిక్కించి వినాలి. గడ్డి దుబ్బు మొదట్లో, నేలమీదే, పైన గడ్డిపోచలు కప్పుకొచ్చేలా గూడు అల్లుతుంది.

ఇదెలా సాధ్యమైంది? చెత్త మీద ప్లాస్టిక్ పొర పరిచి, దానిపైన మట్టి పోసి, గడ్డి విత్తనాలు చల్లారు. లోపల పుట్టే మీథేన్‌ని పైపులతో లాగేస్తారు, ఊరే మురుగునీటిని శుద్ధి చేస్తారు. వేళ్లు లోతుకు దిగే చెట్లు ఆ పొరల మీద పెంచడం కష్టం. అందుకే గడ్డి. ఇంజనీర్లు తమ అవసరం కోసం వేసిన గడ్డి ఈ పిట్టకు ఇల్లయింది.

"అంత స్థలం ఖాళీగా ఉంది, చెట్లు నాటొచ్చు కదా?" అని నన్ను చాలామంది అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. కానీ అది ఖాళీ కాదండీ! 1970 తర్వాత ఉత్తర అమెరికాలో పచ్చికబయళ్ల పక్షులు సగానికి పైగా తగ్గిపోయాయి. ఈ పిట్టలకు చెట్టు నీడ అక్కర్లేదు, కనుచూపుమేర గడ్డి కావాలి.

మనవైపు కూడా గడ్డి నేలను బీడు, బంజరు అనేస్తాం. కర్నూలు వైపు రోళ్లపాడు గుర్తుందా? బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. పేరులో అరణ్యం ఉన్నా ఆ పిట్టకు కావలసింది గడ్డే. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడమే గగనమైంది. ఆ బాధతోనే ఈ పిచ్చుక గురించి ఇంతగా చెబుతున్నాను.

2023 అక్టోబర్‌లో ఫ్రెష్ కిల్స్‌లోని నార్త్ పార్క్ అనే భాగంలో 21 ఎకరాలు జనం కోసం తెరిచారు. వచ్చే జూన్‌లో ఒక ఉదయం పిల్లల్ని తీసుకుని వెళ్దాం. బైనాక్యులర్స్ నేను తెస్తాను. ఒక్కటే మాట: గూళ్లు నేలమీద ఉంటాయి, దారి దిగి గడ్డిలోకి వెళ్లొద్దని పిల్లలకు ముందే చెప్పండి.