ఒకే ఏడాది రెండు తీర్పులు

అందరికీ నమస్కారం.

ఈరోజు రెండు జీవుల్ని పక్కపక్కన నిలబెట్టి మాట్లాడతాను. ఒకటి సహారా అంచుల్లో తిరిగే ఓరిక్స్, కొడవలిలా వెనక్కి వంగిన కొమ్ములున్న ఎడారి జింక. రెండోది అమెరికాలో, అలబామా రాష్ట్రపు కహాబా నదిలో రాళ్లకు అతుక్కుని బతికే వేలిగోరంత నత్త, ఆబ్లాంగ్ రాక్‌స్నెయిల్. వీటికేం పోలికంటారా? 2000లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్, ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే తన రెడ్ లిస్ట్‌లో రెండింటినీ పోయినవాటి ఖాతాలో రాసేసింది. ఓరిక్స్ సహజ ఆవాసంలో లేదని, నత్త అసలు ఎక్కడా లేదని.

ఓరిక్స్‌ను చూడండి. ఆడదానికీ మగదానికీ మీటరు పొడవుండే కొమ్ములు. తెల్లటి ఒళ్లు, మెడ చుట్టూ ఎర్రమన్ను రంగు. తాగడానికి నీళ్లు లేకపోయినా ఆకుల్లోని తడితోనే నెలల తరబడి నెట్టుకొస్తుంది. ఎండ ముదిరితే చెమటకు నీళ్లు ఖర్చుపెట్టదు, ఒంటి వేడిని పెరగనిస్తుంది. రాత్రి చల్లబడ్డాక ఆ వేడి దానంతటదే దిగిపోతుంది. ఇన్ని నేర్చిన జంతువును పొట్టనపెట్టుకున్నది దాహం కాదు. వాహనాల్లో వెంటపడిన తుపాకులు, మేత ఊడ్చేసిన పశువుల మందలు, వాటికి తోడు కరువులు, యుద్ధాలు.

నత్త సంగతి తలకిందులు. దానికి నీళ్లుంటే చాలదు, తేటగా పారుతూ ఉండాలి. మొప్పలతో ఊపిరి తీస్తుంది. నాలుక మీది సన్నటి పళ్లతో రాతి మీద నాచు గీరి తింటుంది. ఎగువ నుంచి ఒండ్రు వచ్చి ఆ రాయిని కప్పేస్తే మేత పోయినట్టే, గుడ్లు పెట్టే చోటూ పోయినట్టే. పారిపోదామంటే దాని నడక ఎంత?

ఓరిక్స్‌ను మనుషులే తిరిగి తెచ్చారు. జంతు ప్రదర్శనశాలల్లోనూ కొందరు సొంతంగా పెంచుకున్న మందల్లోనూ మిగిలినవాటి సంతతిని పెంచి, అబూధాబీ నుంచి ఆఫ్రికాలోని చాద్ దేశానికి తరలించి 2016లో వదిలారు. అక్కడే దూడలు పుట్టాయి. 2023లో దాన్ని 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అనే వర్గంలోకి మార్చారు. ఎంతో మంచి పని, మనసారా మెచ్చుకుంటాను.

నత్తకు ఏ జూలో చోటిచ్చాం? ఎక్కడా లేదు. 2011లో నేథన్ వీలన్ అనే పరిశోధక విద్యార్థి కహాబాలో వెతుకుతుంటే ఒక రాయి మీద కనిపించింది. మనం చచ్చిందని రాసుకున్న పదకొండేళ్లూ అది అక్కడే నాచు గీరుకుంటూ ఉంది! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఓరిక్స్ మంద ఉందో లేదో విమానంలోంచి చూసినా తెలుస్తుంది. నత్త లేదనాలంటే మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, ఒక్కో రాయీ తిప్పి చూడాలి. ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ, వాళ్లకు దొరికే డబ్బు ఇంకా తక్కువ. నా బాధంతా అక్కడే.

దొరికిన నత్తల్లో కొన్నింటిని ల్యాబుకు తెచ్చి నీళ్లలో ఉంచారు. గుడ్లు పెట్టాయి, ఒకదాని వెంట ఒకటి, వరసగా.