ఇంగ్లిష్ కోసం పానగల్లు దాకా

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలు, వెనకాల వాళ్ల అమ్మానాన్నలు కూర్చున్నారు కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను. ఇంగ్లిష్ గురించి తెలుగులో చెప్పడమేంటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

మన పిల్లలకు ఇంగ్లిష్ రాదన్న మాట నేను ఒప్పుకోను. పాఠం చదువుతారు, గ్రామర్ బిట్లు టకటకా పెట్టేస్తారు, నోరు తెరవమంటేనే టెన్షన్. ఎందుకంటే క్లాసులో సారు అడిగే ప్రశ్నకు జవాబు సారుకి ముందే తెలుసు. తెలిసిన మనిషికి తెలిసిన సంగతే, అదీ తప్పు పోకుండా అప్పజెప్పాలంటే ఎవరికి మాటొస్తుంది చెప్పండి?

అందుకే గుంపుగా బయటికి పోదామంటున్నాను. అట్లాగని సాగర్ పోయి, డ్యామ్ దగ్గర సెల్ఫీలు దిగి, చేపల ఫ్రై తిని వస్తే ఇంగ్లిష్ రాదు. అది పిక్నిక్, దానికీ నేనేం అడ్డు కాదు. టూరిస్టులతో మాట్లాడిద్దామని కొందరు సార్లు అంటుంటారు గానీ, మనవాడు చెమటలు కక్కుతూ ఇంగ్లిష్‌లో అడిగితే అవతలాయన హిందీలో జవాబిస్తాడు, మన దగ్గర హిందీ ఎంతో కొంత అందరికీ వచ్చు కదా, ఇద్దరూ హాయిగా హిందీలో పడిపోతారు.

దానికన్నా మనలోనే ఒకరిని తెలుగు రాని చుట్టంగా పెట్టుకోవడం మేలు. ఆరేడుగురు చాలు, అందులో ఒకరు చుట్టం. ఆ పూటంతా ఆ మనిషిని తెలుగులో పిలిచినా పలకకూడదు.

మన నల్గొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనక పగలంతా స్తంభం నీడ కనిపిస్తుంది, బయట ఎండ జరిగినా అది జరగదు. చుట్టం అడగాల్సింది ఒక్కటే, ఇది ఏ స్తంభం నీడ అని. ఒకసారి ఒకబ్బాయి ఇదేనని చూపించాడు, ఒకమ్మాయి వెళ్లి ఆ స్తంభం పక్కన నిలబడి చూసి ‘నో, నాట్ దిస్ వన్’ అని అక్కణ్నుంచే అరిచింది, ఇంకొకడు చేతులు ఊపుతూ ‘లైట్ కమింగ్ దిస్ సైడ్, దట్ సైడ్ ఆల్సో కమింగ్, మిడిల్ నో లైట్’ అన్నాడు. వ్యాకరణం ఎక్కడుందో దేవుడికి తెలియాలి, కానీ చుట్టానికి విషయం అందింది. అక్కడ తప్పు దిద్దారా, మిగతావాళ్లు కూడా నోరు మూసుకుంటారు. నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాత టీ తాగేటప్పుడు చెప్పండి.

పోచంపల్లి ఇంకా బాగా పనికొస్తుంది. నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు, నేయక ముందే నూలు మీద డిజైన్ తయారవుతుంది. ‘ఈజ్ టైడ్, ఈజ్ డైడ్, ఈజ్ వోవెన్’ అని చెప్తూ పోతే ప్యాసివ్ వాయిస్ దానంతటదే వచ్చేస్తుంది. క్లాసులో చివరి బెంచీలో ఎప్పుడూ మాట్లాడని నేతగాళ్ల ఇంటి పిల్ల అక్కడ పెద్దమనిషి అయిపోతుంది, ఎందుకంటే ఆసు పోయడమంటే, అదే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టడమంటే ఏంటో ఆ గుంపులో తనకే తెలుసు. ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి సంగతీ తనే చెప్తుంది, తల్లి చెయ్యి నొప్పి చూడలేక చేశాడని.

అమ్మలూ, ఖర్చని ఆపకండి. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు, ఆధార్ కార్డు మరిచిపోకుండా పంపండి. మగపిల్లల చార్జీలకు మాత్రం నాన్నల జేబులే దిక్కు.

వచ్చే ఆదివారం పొద్దున గడియారం సెంటర్ నుంచి పానగల్లుకు ఆటోలు కట్టుకుందాం. ఎండ ముదరక ముందే బయల్దేరాలి, నీళ్ల బాటిల్ ఎవరిది వాళ్లే. చుట్టంగా ఎవరుంటారో ఇప్పుడే చెయ్యెత్తండి, లేకపోతే నేనే పేరు పెడతాను.