ఊపిరి బిగబట్టలేని వాళ్ల కోసం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట చెన్నైలోని మన తెలుగువాళ్లు ఇంతమంది ఒక స్కాన్ గురించి వినడానికి వచ్చారు, చాలా సంతోషం.

నేను ఎమ్మారై గదిలో పనిచేస్తాను. గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగి వచ్చేవాళ్లను రోజూ చూస్తాను. ఆమధ్య ఒక పెద్దామె వచ్చింది. పొట్టలో నీరు చేరింది, వెల్లకిలా పడుకుంటేనే ఆయాసం. స్పీకర్లో "మూచ్చ పిడింగ" అని తమిళంలో వస్తోంది, ఆమెకు అర్థం కాలేదు. నేను మైకు తీసుకుని, "గాలి పీల్చి, వదిలేసి, అలాగే బిగబట్టమ్మా" అన్నాను. 18 సెకన్లు ఆగాలి. 7 సెకన్లకే గాలి పీల్చేసుకుంది. "నా వల్ల కావడం లేదు నాయనా, ఏమనుకోకు" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మామూలుగా ఊపిరి తీసుకుంటేనే కాలేయం ఒకటి రెండు సెంటీమీటర్లు పైకీ కిందికీ జరుగుతుంది. ఎమ్మారై ఫోటోలా ఒక్క క్లిక్కుతో అయ్యేది కాదు, సమాచారాన్ని గీత గీతగా పోగుచేస్తుంది. మధ్యలో కాలేయం కదిలితే బొమ్మలో పొట్ట గోడ నీడలు వరసగా పడతాయి. బొమ్మ ఒక్కటే అయితే డాక్టరుగారు ఎలాగో సర్దుకుంటారు. ఇప్పుడు మమ్మల్ని అడుగుతున్నది అంకె: కాలేయంలో కొవ్వు ఎంత శాతం, ఇనుము ఎంత? కొవ్వు సుమారు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటాం. కదలికకు బొమ్మ అలికినట్టయి చుట్టుపక్కల కొవ్వు కాలేయంలో కలిసిపోతే అంకె తప్పుతుంది. కాగితం మీద మాత్రం అది సరైన అంకెలాగే కనిపిస్తుంది!

అందుకే రేడియల్ పద్ధతి. గీతలన్నీ బండి చక్రం ఆకుల్లా మధ్యలోంచే వెళ్తాయి. కదలిక ప్రభావం అన్ని వైపులా చెదిరిపోయి, నీడల బదులు సన్నని చారలు మిగులుతాయి. 1973లో ఎమ్మారై బొమ్మలకు బాట వేసిన శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ రెండు నీటి గొట్టాల బొమ్మ తీసింది కూడా ఇలా కోణాలు మారుస్తూనే. ఇంకో లాభం ఉంది. ప్రతి ఆకూ మధ్యబిందువును తాకుతుంది కాబట్టి, అక్కడి సిగ్నల్ చూసి మనిషి ఊపిరి పీలుస్తున్నాడా వదులుతున్నాడా తెలుసుకోవచ్చు. వదిలినప్పటి గీతల్నే ఏరుకోవచ్చు.

చిక్కల్లా టైమే. 20 సెకన్ల పని నిమిషాలకు సాగుతుంది. దానికి 2007లో మైఖేల్ లస్టిగ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఎమ్మారైకి తెచ్చిన కంప్రెస్డ్ సెన్సింగ్ ఆసరా అయింది: తక్కువ గీతలు తీసి, మిగతాది లెక్కతో పూరించడం. లెక్క బరువైనదే, కానీ ఆ బరువు కంప్యూటర్ మోస్తుంది. రోగి మీద పెట్టాల్సిన పని లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా పొట్ట స్కాన్ రాస్తే, ఊపిరి ఎంతసేపు ఆపగలరో ముందే చెప్పండి. ఊపిరి తీసుకుంటూనే చేసే పద్ధతి ఉందా అని అడగండి, మొహమాటపడకండి.