వాలు మీద లేత పొదలు: కలుపు కోసం తవ్వడం ఆపండి

నమస్తే. వాలు నేల మీద, నేలంతా పరుచుకునే పొదలు నాటిన వాళ్లలో చాలామంది చేసే ఒక పని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ వీడియో.

నాటిన కొన్నాళ్లకి మొక్కల మధ్య పచ్చగా కలుపు లేస్తుంది. వెంటనే పార పట్టుకుని, మధ్య నేలంతా తవ్వి, గుల్ల చేసి, ఒక్క గడ్డిపోచ కూడా లేకుండా శుభ్రం చేస్తారు. నెల తిరక్కుండానే అంతకు రెట్టింపు కలుపు. మళ్లీ తవ్వుతారు. ఈలోపు ఒక గట్టి వాన పడితే గుల్లయిన మట్టి కాస్తా కిందికి కొట్టుకుపోయి, పొదల వేళ్లు బయటపడతాయి. అంత ఒళ్లు హూనం చేసుకుని చేసిన పనే కలుపుని పెంచుతోంది. ఎందుకో చెప్తాను.

[బొమ్మ: వాలు మీద దూరం దూరంగా చిన్న పొదలు, మధ్యలో ఖాళీ నేల]

బస్సులో సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం కదా. ఈ వాలు మొత్తాన్నీ ఒక బస్సు అనుకోండి. మీరు నాటిన పొదలకి ఈ సీట్లన్నీ కావాలి. కానీ వాటికి ఎక్కడానికి టైమ్ పడుతుంది. జూనిపర్ అని, నేల మీద పాకుతూ ఏడాదంతా పచ్చగా ఉండే పొద ఉంది, అలాంటిదైతే కొమ్మలు ఒకదాన్నొకటి తాకి నేల కప్పేసరికి రెండు మూడేళ్లు. అప్పటిదాకా సీటు ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు కూర్చుంటారు. మన పని కూర్చున్నవాళ్లని రోజూ లేపడం కాదు. పొద వచ్చేదాకా సీటు మీద కర్చీఫ్ ఉంచడం.

మరి కూర్చునేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? గాలికి కొన్ని గింజలు వస్తాయి, నిజమే. కానీ చాలావరకు మట్టిలోనే ఉన్నాయి, నిద్రపోతూ. ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 20 సీసాల్లో కలుపు గింజలు, ఇసుక కలిపి నింపి భూమిలో పాతిపెట్టాడు. ఎన్నేళ్ల దాకా మొలుస్తాయో చూద్దామని. కొన్నేళ్లకొకటి చొప్పున తీసి చూస్తున్నారు. బీల్ పోయాక కూడా తర్వాతి తరాలవాళ్లు ఆ పని వదల్లేదు. 2021లో ఒక సీసా తీశారు. అందులో గింజలు మొలిచాయి! 140 ఏళ్లు దాటాక! ఆ సీసా ఎప్పుడు తవ్వారో తెలుసా? తెల్లవారకముందు, చీకట్లో. గింజలకి వెలుతురు తగలకూడదని.

చాలా రకాల కలుపు గింజలకి, ముఖ్యంగా సన్న గింజలకి, నిద్ర లేవడానికి వెలుతురు కావాలి. 1952లో అమెరికాలోనే బెల్ట్స్‌విల్ అనే ఊళ్లోని వ్యవసాయ పరిశోధకులు లెట్యూస్, అంటే సలాడ్‌లో వేసే ఆకుకూర, దాని గింజల మీద ఇది చూపించారు. ఎర్ర కాంతి పడితే గింజ మొలిచింది. ఆ వెంటనే దూర ఎరుపు కాంతి, అంటే మన కంటికి సరిగ్గా ఆనని ఎరుపు, పడితే మొలవడం మానేసింది. మళ్లీ ఎర్ర కాంతి వేస్తే మళ్లీ మొలిచింది. మార్చి మార్చి ఎన్నిసార్లు వేసినా, ఆఖరున పడిన కాంతి ఏదైతే దాని మాటే చెల్లింది. గింజలో ఇది కనిపెట్టే పదార్థం పేరు ఫైటోక్రోమ్.

ఇప్పుడు వాలు దగ్గరికి రండి. పచ్చటి ఆకు ఎర్ర కాంతిని పీల్చేసుకుంటుంది, దూర ఎరుపుని కిందికి వదిలేస్తుంది. అంటే గుబురుగా ఉన్న పొద కింద పడుకున్న గింజకి పైన ఎవరో ఉన్నారని తెలిసిపోతుంది. సీటు ఖాళీ లేదు, లేవదు. అదే మీరు పారతో మట్టి తిరగేస్తే? అడుగున చీకట్లో ఉన్న గింజ పైకి వస్తుంది. ఎండ తగులుతుంది. నిద్రపోతున్నవాళ్లని తట్టి లేపి, అదిగో సీటు అని చూపించినట్టే కదా!

[క్లోజప్: పక్కపక్కన రెండు చదరాలు]

ఇటు చూడండి. రెండూ ఒకే వాలు, ఒకే రోజు కలుపు తీసినవి. ఎడమ వైపుది పారతో తవ్వింది. మట్టి మీద ఆవగింజంత రెండాకుల మొలకలు చూడండి, వేలు పెట్టడానికి సందు లేదు. కుడి వైపుది కొడవలితో నేలకి ఆనించి కోసింది. ఎండిన మోళ్లున్నాయి, కొత్త మొలకలు అక్కడొకటి ఇక్కడొకటి. ఆ చచ్చిన వేళ్లు ఇంకా మట్టిని పట్టుకునే ఉన్నాయి. వాలు మీద అది చిన్న లాభం కాదు. కుళ్లాక ఆ వేళ్లు ఉన్న సందుల్లోంచి నీళ్లు లోపలికి ఇంకుతాయి కూడా.

కాబట్టి ఏడాదిలో చచ్చే కలుపుని పూత రాకముందే కోయండి. వెడల్పాకు మొక్కలకి నేల మట్టానికి కోస్తే చాలు. గడ్డిజాతికి మాత్రం పెరిగే మొన మట్టిని ఆనుకునే ఉంటుంది, అందుకని కొడవలి మొన కాస్త లోపలికి దించి దుబ్బుని కోయాలి. గింజ పట్టిన మొక్కని మాత్రం అక్కడే పడేయకండి.

ఇంకో మాట. జూనిపర్ పొదల మీదికి కలుపు ఎక్కితే ఆలస్యం చేయొద్దు. నీడ పడిన కొమ్మకి ఆకు రాలిపోతే, ఆ బోడి కొమ్మ మీద మళ్లీ చిగురు రాదు. పొదలో ఆ బొక్క అలాగే ఉండిపోతుంది.

సరే, కర్చీఫ్ సంగతి. అదే మల్చ్, అంటే ఖాళీ నేల మీద పరిచే కప్పు. బెరడు, చెక్క ముక్కలు, ముతకగా నరికినవి, 7 సెంటీమీటర్ల మందాన. పల్చగా చల్లితే వెలుతురు ఆగదు, వేసిన ప్రయోజనం ఉండదు. వాలు మీద గుండ్రటి బెరడు గడ్డలు దొర్లిపోతాయి. పీచుపీచుగా చీలిన ముక్కలైతే ఒకదానిలో ఒకటి చిక్కుకుని నిలబడతాయి. మొక్క మొదలుకి ఆనకుండా నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. వాలు కదా, వాన పడ్డప్పుడల్లా మల్చ్ జారి మొదలుకి పై వైపున పోగవుతుంది. అక్కడ తడి నిలిచి కాండం కుళ్లుతుంది. వాన తర్వాత చేత్తో అలా లాగేయడం అలవాటు చేసుకోండి.

మూడడుగులు ముందుకెళ్తే అడుగు కంటే ఎక్కువ దిగే వాలైతే మల్చ్ ఒక్కటే ఆగదు, కర్చీఫ్ గాలికి ఎగిరిపోతుంది. దానికి పిన్ను కావాలి. కొబ్బరి పీచు వల గానీ జనపనార వల గానీ పరిచి, పై అంచుని చిన్న కాలువ తవ్వి మట్టిలో పాతి, మిగతాదంతా నేలకి అతుక్కునేలా గూటాలు కొట్టండి. వలకీ మట్టికీ మధ్య సందు ఉంటే నీళ్లు దాని కిందినుంచి పారి మట్టిని కోసేస్తాయి. కొబ్బరి పీచు ఎక్కువకాలం ఉంటుంది. రెండూ చివరికి కుళ్లిపోయేవే, మనకి కావాల్సింది అదే.

కలుపు రాని గుడ్డ అని నల్లటి ప్లాస్టిక్ గుడ్డ వేస్తారు చూడండి, ఈ పనికి అది నాకు అస్సలు నచ్చదు. పాకే పొదల్లో చాలావాటికి కొమ్మ నేలని తాకిన చోట వేళ్లు దిగుతాయి. గుడ్డ ఉంటే దిగలేవు. అంటే కర్చీఫ్ ఎంత గట్టిగా కట్టారంటే మన మనిషి కూడా కూర్చోలేడు! పైగా నున్నటి గుడ్డ మీద మల్చ్ నిలవదు. దాని మీద చేరిన దుమ్ములో కొత్త కలుపు మొలుస్తుంది.

[క్లోజప్: తవ్వి తీసిన తుంగ]

వీళ్లు మాత్రం కర్చీఫ్ వేయకముందే ఎక్కి కూర్చున్నవాళ్లు. తుంగ. ఈ నల్లటి గడ్డ చూడండి, ఇక్కడినుంచి సన్న తీగ, తీగ చివర ఇంకో గడ్డ, అక్కడినుంచి ఇంకోటి. పైన ఆకు పీకితే కింద గడ్డలు మిగిలి మళ్లీ మొలకెత్తుతాయి. మల్చ్‌ని పొడుచుకుని పైకి వస్తుంది. గరిక కూడా అంతే, ముక్క మిగిలితే చాలు. ఈ రెండూ ఉంటే పొదలు నాటకముందే వదిలించుకోండి. వీటి కోసం నాటడం ఒక కాలం ఆలస్యమైనా నష్టం లేదు. ఇప్పటికే నాటేస్తే, తుంగకి ఆకు లేచినప్పుడల్లా కోస్తూ గడ్డల్లో దాచుకున్న శక్తి అయిపోయేలా చేయడమే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నీళ్లు: స్ప్రింక్లర్ వద్దు, ఖాళీ నేలంతా తడిపి కలుపుని మేపుతుంది. డ్రిప్ పైపులు వాలుకి అడ్డంగా వేసి, మొక్క దగ్గరే నీళ్లు పడనివ్వండి. ఎరువు కూడా మొక్క దగ్గరే.

కలుపు మందులు: పెండిమిథాలిన్ లాంటివి మొలకెత్తే గింజ మీదే పనిచేస్తాయి, లేచిన కలుపుని ఏమీ చేయవు. వేశాక తేలికపాటి తడి కావాలి, కానీ పెద్ద వాన వచ్చేలా ఉంటే వాలు మీద వేయకండి, మట్టితో పాటు కిందికి పోతుంది. క్విజలోఫాప్ గడ్డిజాతిని చంపుతుంది, తుంగకి పనిచేయదు. గ్లైఫోసేట్ మీ పొద ఆకు మీద పడితే పొదా పోతుంది, లేత పొదల మధ్య పిచికారీ చేయకపోవడమే మంచిది. ఏది వాడినా మీ పొద పేరు డబ్బా మీద ఉందో లేదో చూసుకోండి.

పై గట్టు: వాలు పైనున్న కలుపు గింజలన్నీ వాన నీళ్లతో మీ మల్చ్ మీదికే దిగుతాయి. ఆ అంచుని ముందు కోయండి, పూత రాకముందే.

మల్చ్ ఏటా కుళ్లి పల్చబడుతుంది. ఏడాదికోసారి చెయ్యి పెట్టి చూడండి. కొమ్మలు కలిసిన చోట కొత్తగా వేయక్కర్లేదు. కలవని చోట మాత్రం మళ్లీ 7 సెంటీమీటర్లకి నింపండి.