పగిలిన రికార్డులో ఒక అరుపు

శ్రోతలకు నమస్కారం.

1994 మే 28న టోక్యోలో ఒక రేడియో కేంద్రం ఒక కుక్క అరుపును ప్రసారం చేసింది. ఆ కుక్క చనిపోయి అప్పటికే 59 ఏళ్లు. ముక్కలైపోయిన పాత రికార్డు ఒకటి దొరికితే, అందులోంచి ఆ గొంతును జాగ్రత్తగా బయటికి తీశారు. ఆ కాస్త అరుపు కోసం లక్షల మంది రేడియోల ముందు కూర్చున్నారట. మైకు ముందుకు వచ్చినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. నా ప్రసంగం కోసం అరవై ఏళ్ల తరువాత ఎవరూ రికార్డు ముక్కలు ఏరరు కదా!

ఆ కుక్క పేరు హచి. జపాను భాషలో ఎనిమిది అని అర్థం. హచికో అన్నది తరువాత జనం మర్యాదగా పిలుచుకున్న పేరు. 1923 నవంబరులో, అకితా ప్రాంతంలో ఒదాతే ఊరి దగ్గర పుట్టింది. రెండు నెలల పిల్లను గడ్డితో అల్లిన బస్తాలో పెట్టి రైలెక్కించారు. టోక్యో చేరడానికి దాదాపు 20 గంటలు పట్టింది. దాన్ని తెప్పించుకున్న వ్యక్తి హిదెసబురో ఉయెనో. విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆచార్యుడు. పొలాలను చదును చేసి గట్లు సరిచేయడం, సాగునీరు పారించడం, మురుగునీరు తీయడం ఆయన శాస్త్రం.

ఆయన రోజూ రైలెక్కి కళాశాలకు వెళ్లేవారనీ, కుక్క రోజూ స్టేషనుకు వెళ్లి తీసుకొచ్చేదనీ కథల్లో చెబుతారు. నిజానికి కళాశాల ఇంటికి నడక దూరమే. దూరం పని పడితేనే టోక్యోలోని షిబుయా స్టేషనులో రైలెక్కేవారు. నాకు ఈ నిజమే కథకంటే ఎక్కువ నచ్చుతుంది. కళాశాల నుంచి రాలేదంటే యజమాని దూరం వెళ్లి ఉంటాడు, దూరం వెళ్లినవాడు షిబుయాలోనే దిగుతాడు. కుక్క లెక్కలో తప్పేమీ లేదు. 1925 మే 21న ఆచార్యుడు మెదడులో నరం చిట్లి హఠాత్తుగా పోయారు. లెక్కకు అందనిది అదొక్కటే. అప్పటికి వారిద్దరి సహవాసం పదహారు నెలలు.

ఆ తరువాత హచి చేతులు మారింది. చివరికి ఉయెనో ఇంట్లో తోటపని చేసిన మనిషి దగ్గరకు చేరింది. అక్కడి నుంచి పొద్దునా సాయంత్రం యజమాని కోసం స్టేషనుకు వెళ్లేది. ఇప్పుడు మనం చేతులెత్తి మొక్కే ఆ కుక్కకు స్టేషనులో దొరికిన మర్యాద వినండి. పార్సిళ్ల గదిలోకి దూరితే సిబ్బంది కొట్టేవారు. రాత్రయితే బండ్లవాళ్లు తరిమేవారు. ఒకసారి ఎవరో దాని ముఖం మీద నల్లసిరాతో కళ్లజోడు, మీసాలు గీశారు. ఆ ముఖంతోనే అది రైలు దిగేవాళ్లను చూస్తూ కూర్చుంది.

1932 అక్టోబరు 4న అసాహి పత్రికలో దాని గురించి వార్త వచ్చింది. తెల్లవారేసరికి అదే కుక్క అందరికీ ముద్దొచ్చింది. 1934 ఏప్రిల్‌లో స్టేషను ముందు కంచు విగ్రహం పెడితే, ఆవిష్కరణకు హచి కూడా వచ్చింది. తన విగ్రహం తానే చూసుకునే యోగం మంత్రులకు ఉంటుందేమో గానీ కుక్కలకు అరుదు! తరువాత ప్రభుత్వం దాన్ని పిల్లల నీతిపాఠంలోకి ఎక్కించింది. పాఠం పేరు ‘ఉపకారాన్ని మరవకు’. యుద్ధకాలంలో లోహం కావలసి వచ్చి అదే విగ్రహాన్ని కరిగించారు. ఇప్పుడున్నది 1948లో తొలి శిల్పి కుమారుడు చేసినది. ఎడమ చెవి వాలిపోయి ఉంటుంది, ముసలితనంలో హచికి ఉన్నట్టే.

ఉపకారం మరవకపోవడం అనే మాట నాకు మింగుడుపడదు. మా చిన్నప్పుడు ఇంట్లో ఒక గోధుమరంగు కుక్క ఉండేది. మా నాన్నగారి సైకిలు చైను కవరుకు ఒక మేకు ఊడి టకటకమనేది. ఆ చప్పుడు మాకెవరికీ వినపడక ముందే అది లేచి గేటు దగ్గర నిలబడేది. నాన్నగారు సైకిలు అమ్మేసి స్కూటరు కొన్నారు. నెల రోజులపాటు సాయంత్రం ఏ సైకిలు వచ్చినా అది పరుగెత్తి వెళ్లడం, ముఖం వేలాడేసుకుని తిరిగి రావడం. అప్పటికి నాన్నగారు వరండాలో కూర్చుని కాఫీ తాగుతూనే ఉండేవారు! దానికి కావలసింది నాన్నగారు ఒక్కరే కాదు, నాన్నగారు వచ్చే ఆ క్షణం. ఇందులో ఉపకారం ఎక్కడుంది, రుణం ఎక్కడుంది?

హచి 1935 మార్చి 8న షిబుయాలోనే ఒక వీధిలో చనిపోయింది. భద్రపరిచిన దాని అవయవాలను 2011లో మళ్లీ పరీక్షించి, క్యాన్సరు ఉందని తేల్చారు. కడుపులో కాల్చిన కోడిమాంసం గుచ్చే పుల్లలు నాలుగు దొరికాయి. అయితే అది మాంసం ముక్కల కోసమే స్టేషనుకు వచ్చేదని గిట్టనివాళ్లు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు. తినే ఉంటుంది. తొమ్మిదేళ్లకు పైగా ఎదురుచూసేవాళ్లకు ఆకలి వేయకూడదా? ఎవరూ పెట్టని తొలి ఏళ్లలోనూ అది వచ్చింది.

దాని చర్మంతో చేసిన రూపాన్ని టోక్యోలోని జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టారు. అది ఉన్న పేట పేరు కూడా ఉయెనోనే, కేవలం కాకతాళీయం. అయోయమా శ్మశానంలో ఆచార్యుని సమాధి పక్కన హచికి చిన్న స్మారకం కట్టారు.

ఆ ఇంట్లో ఇంకొకరు కూడా ఉండేవారు. యయెకో సకానో, ఆచార్యుని సహచరి. చట్టప్రకారం పెళ్లి జరగలేదు గనుక ఆయన పోగానే ఆమె ఇల్లు వదలవలసి వచ్చింది. 1961లో కన్నుమూస్తే ఆయన పక్కన చోటు దొరకలేదు. ఆమె అస్థికలు ఆ సమాధికి చేరింది 2016 మే 19న. కుక్క తరువాత 81 ఏళ్లకు.