చిట్టా ఒకటి, ఆవర్జాలు ఎన్నైనా

[తెర మీద: ఎర్ర గుడ్డ అట్ట వేసిన పాత పద్దుల పుస్తకం]

పాత కొట్లలో లెక్కలకు రెండు పుస్తకాలు ఉండేవి. రోజూ జరిగిన లావాదేవీలను జరిగిన వరుసలోనే రాసేది చిట్టా. అందులోంచి ఎవరి ఖాతా వారికి విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఆవర్జా చిరిగిపోయినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. ఎన్నో కంప్యూటర్లు కలిసి నడిపే వ్యవస్థ మార్పులకు తట్టుకోవాలంటే, నేను మొదట చెప్పేది ఈ చిట్టా గురించే.

[తెర మీద: ఎడమ వైపు 5 గళ్లు, కుడి వైపు 6 గళ్లు, మధ్య 30 గీతలు]

2010 ప్రాంతంలో లింక్డ్‌ఇన్‌కు వచ్చిన చిక్కు ఇది. సభ్యులు ఏ పేజీ చూశారన్న సమాచారం ఎన్నో విభాగాలకు కావాలి. పంపేవి 5, అందుకునేవి 6 ఉంటే, విడివిడిగా 30 దారులు వేయాలి. అక్కడి ఇంజినీర్లు జే క్రెప్స్, నేహా నార్ఖేడే, జున్ రావ్ మధ్యలో ఒక చిట్టా పెట్టారు. అదే కాఫ్కా; 2011లో ఓపెన్ సోర్స్ అయింది. ఇప్పుడు 11 దారులు చాలు.

[తెర మీద: 0 నుంచి 9 వరకు గళ్లు, 4 కింద ఒక బాణం, 9 కింద ఒకటి]

ఈ గళ్లను కాస్త నిదానంగా చూడండి. కొత్త సందేశం ఎప్పుడూ చివరనే చేరుతుంది, దానికో వరుస సంఖ్య పడుతుంది. ఎవరో చదివారని అది చెరిగిపోదు; మామూలు అమరికలో 7 రోజులు ఉంటుంది. ఎంతవరకు చదివిందో ఏ విభాగం గుర్తు ఆ విభాగానిదే. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు.

ఒక ఆన్‌లైన్ కొట్టులో ఆర్డర్ల సందేశాలు చదివే బిల్లింగ్ విభాగం 4 దగ్గర ఆగిపోయిందనుకోండి. ఆర్డర్లు తీసుకునే విభాగానికి ఆ సంగతి తెలియనే తెలియదు. తన పని తాను చేసుకుపోతుంది. బిల్లింగ్ లేచాక ఆగిన చోటి నుంచే చదువుకుంటుంది. రేపు మోసాలను పట్టే విభాగం కొత్తగా కావాలా? ఆర్డర్ల కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు, నిల్వ ఉన్న మొదటి సందేశం నుంచి దానితో చదివిస్తే సరి.

అన్నింటికీ ఇదే వాడమని మాత్రం చెప్పను. పాస్‌వర్డ్ సరైనదో కాదో వెంటనే తేలాలి; అక్కడ నేరుగా అడగడమే మేలు. మరొకటి, కాఫ్కాలో చిట్టాను పార్టిషన్లు అనే ముక్కలుగా విడదీస్తారు; వరుస ఖాయంగా ఉండేది ఒక్కో పార్టిషన్ లోపలే. అందుకే ఒక ఆర్డరు సందేశాలన్నీ ఒకేచోట చేరేలా ఆర్డరు సంఖ్యనే కీగా, అంటే సందేశం ఏ పార్టిషన్‌కు వెళ్లాలో తేల్చే విలువగా, ఇవ్వండి.

[తెర మీద: 4వ గడి ఎర్రగా మెరుస్తుంది]

అసలు ప్రమాదం ఇక్కడుంది. బిల్లింగ్ 4వ సందేశం చదివి డబ్బు జమ రాసింది, గుర్తు ముందుకు జరిపేలోపే పడిపోయింది. లేచాక మళ్లీ 4 చదువుతుంది, అదే డబ్బు రెండోసారి రాస్తుంది. కాబట్టి జమ రాసే ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే డేటాబేసు పనిలోనే) ఆ సందేశం ఐడీని కూడా డేటాబేసులో భద్రపరచండి, ఒకే ఐడీ రెండోసారి చేరకుండా యూనిక్ నిబంధన పెట్టండి. అప్పుడు 4వ సందేశం పదిసార్లు వచ్చినా జమ పడేది ఒక్కసారే.