లేని సినిమాకు ట్రైలర్: విజయనగరం విద్యార్థుల హారర్ ప్రయత్నంపై రివ్యూ

నమస్కారం. విజయనగరంలో డిగ్రీ చదువుతున్న కొందరు విద్యార్థులు తమ కోర్సు ప్రాజెక్టుగా తీసిన ఒక హారర్ ట్రైలర్‌ను ఈ వీడియోలో పరిశీలిద్దాం. దీని నిడివి 1 నిమిషం 50 సెకన్లు. దీని వెనక సినిమా ఏదీ లేదు. తీసింది ట్రైలర్ ఒక్కటే. చూసేవారికి ఇది తేలికైన పనిగా తోచవచ్చు గానీ, అసలు కష్టమంతా ఇందులోనే ఉంది. మామూలుగా ట్రైలర్ కట్ చేసే ఎడిటర్ ముందు రెండు గంటల సినిమా ఉంటుంది, అందులోంచి ఆయన ఏరుకుంటాడు. ఈ పిల్లలకు ఏరుకోవడానికి ఏమీ లేదు కాబట్టి, తీసే ప్రతి షాటూ ఎక్కడో ఉన్న ఒక పెద్ద సన్నివేశం నడిమధ్య నుంచి తెంపి తెచ్చినట్టు కనబడాలి. ఆ నమ్మకం కుదిరిందా లేదా అన్నదే నా రివ్యూకు కొలబద్ద.

కథ ఇది. నెల్లిమర్ల దగ్గర చంపావతి ఒడ్డున ఒక పల్లెలో ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న పెంకుటింటిని అమ్మడానికి మనవరాలు పట్నం నుంచి వస్తుంది. తుప్పు పట్టిన తాళాన్ని ఆమె చేతిలోకి తీసుకోగానే కెమెరా నెమ్మదిగా కిందికి దిగి గడప దగ్గర ఆగుతుంది. గడపకు పసుపు రాసి ఉంది. తడి ఇంకా ఆరలేదు, రాసిన నాలుగు వేళ్ల గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి, వాటి మీద కుంకుమ బొట్లు వరసగా పెట్టి ఉన్నాయి. సంగీతం లేదు, మాట లేదు. శుక్రవారం పొద్దున్నే గడప కడిగి పసుపు రాసేది ఆ ఇంటి ఇల్లాలని తెలిసిన మనకు, ఎవరూ లేని ఇంట్లో ఈ పని ఎవరు చేశారన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఖర్చు చిటికెడు పసుపే అయినా, ఈ ట్రైలర్ మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టిన షాట్ ఇదే.

ఆ వెంటనే తెర నల్లబడి, ఒక ముసలమ్మ గొంతు వినిపిస్తుంది. "ఆ గదిలోకి ఎల్లకు గుంటా, అదింకా నిద్దరోనేదు." ఈ మాటను పుస్తకాల తెలుగులో చెప్పించి ఉంటే సగం బలం పోయేది. మన పల్లెల్లో మనవరాలిని ఎలా మందలిస్తారో అలాగే, గొంతు పెంచకుండా చెప్పించినందుకు దర్శకుణ్ణి మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఇక్కడ ఒక పాత ఉదాహరణ చెప్పాలి. 1960లో వచ్చిన 'సైకో' చిత్రానికి దాని దర్శకుడు హిచ్‌కాక్ చేసిన ట్రైలర్ ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది. సినిమాలోని దృశ్యాలను అతికించడానికి బదులు, ఆయనే ఖాళీ సెట్టులో తిరుగుతూ ఏ గదిలో ఏం జరిగిందో సగం చెప్పి సగం మింగేస్తాడు. ట్రైలర్‌ను ట్రైలర్ కోసమే విడిగా తీయవచ్చనడానికి, దాచిపెట్టడమే ఆకర్షణ అవుతుందనడానికి అంతకంటే మంచి పాఠం విద్యార్థులకు దొరకదు.

మన విద్యార్థులు మొదటి నిమిషం దాకా ఆ పాఠాన్ని పాటించి, తరువాత వదిలేశారు. 1 నిమిషం 15 సెకన్ల దగ్గర తెల్లని పౌడరు పూసిన ముఖాన్ని తెర నిండా నిలబెట్టి, చాలాసేపు చూపించారు. గడప మీద పసుపు రాసిందెవరన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరికిపోవడంతో, ఆ తరువాత వచ్చిన అరుపులూ పరుగులూ ఎంత వేగంగా కట్ చేసినా పట్టు నిలవలేదు. అదీగాక మనవరాలు మొదటి నుంచి చివరి వరకు ఒకే ఆకుపచ్చ చుడీదార్‌లో ఉంది. చూసేవారు దాన్ని పైకి అనకపోయినా, ఇదంతా ఒక్కరోజులో తీసేశారని వారి మనసు పసిగడుతుంది. మూడు జతల బట్టలు, ఒకచోట జడ, ఒకచోట విరబోసిన జుట్టు, నుదుట ఒక చిన్న కట్టు ఉంటే చాలు, కథలో రోజులు గడిచాయన్న భావం కలుగుతుంది.

వారు ట్రైలర్‌తో పాటు షాట్ లిస్టును కూడా అందుబాటులో ఉంచడం మెచ్చుకోదగిన పని. అయితే అందులో షాట్లను తెర మీద వచ్చే వరసలోనే రాసుకున్నారు. షూటింగుకు వెళ్లేటప్పుడు ఆ వరస పనికిరాదు. వాకిట్లో పగటి వెలుగులో తీసేవన్నీ ఒక జట్టుగా, లోపలి గదిలోవి ఒక జట్టుగా, నూతి దగ్గర మునిమాపు వేళ తీసేవి ఒక జట్టుగా విడదీయాలి. సూర్యుడు దిగాక మిగిలే ఆ కాస్త వెలుగులో, కెమెరాలో రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను 3200 కెల్విన్‌కు తగ్గించి, ఆకాశం ఫ్రేములోకి రాకుండా చూసుకుంటే దృశ్యం నీలి రాత్రిలా వస్తుంది. నూతి షాట్‌లో వెనక తెల్లని ఆకాశం కనబడి ఆ పని చెడింది. వంటగదిలో ట్యూబులైటు కింద తీసిన షాట్‌లో చారలు కదులుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయాన్ని, ఆటోలో వదలకుండా 1/50 సెకను దగ్గర ఉంచితే, సెకనుకు 24 ఫ్రేముల్లో తీసినా ఆ చారలు రావు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించినది వేరే ఉంది. పొరుగింటి వృద్ధురాలిని చూపి, ఊరివాళ్ల చేత "చిల్లంగి", అంటే చేతబడి చేసేది, అనిపించారు. ఆ అనుమానంతో అమాయకుల మీద దాడులూ హత్యలూ జరిగిన ప్రాంతం మనది. దెయ్యం కల్పితమని చూసేవారికి తెలుసు, కానీ ఆ నింద మోసిన మనుషులు కల్పితం కాదు. ఆ మూడు సెకన్లు తీసేసినా కథకు ఏ లోటూ రాదు, దయచేసి తీసేయండి.

శబ్దం విషయంలో వారి శ్రద్ధ గొప్పది. నూతి గిలక కిర్రుమనే చప్పుడును అక్కడే రికార్డు చేసి, దాన్ని నెమ్మది చేసి, ఇల్లే మూలుగుతున్నట్టు వాడుకున్నారు. అలాంటివారు చివరి భాగానికి ఇంటర్నెట్‌లో దొరికే అరిగిపోయిన వయొలిన్ కేకను తెచ్చి అతికించడం అనవసరం. 1919లో మొదలైన సంగీత కళాశాల, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన చోటు, వారి ఊళ్లోనే ఉంది. అక్కడ వయొలిన్ నేర్చుకుంటున్న తమ ఈడు విద్యార్థినొకరిని అడిగి, కమాను చివరతో తీగను గీకించి అర నిమిషం రికార్డు చేసుకుంటే, కాపీరైటు చిక్కు ఉండదు, ఆ శబ్దం మరే ట్రైలర్‌లోనూ వినిపించదు.

ముఖం చూపిన షాట్‌ను ఒక సెకనుకు కుదించి, నూతి దృశ్యాన్ని మరో సాయంత్రం తిరిగి తీస్తే, ఈ ట్రైలర్‌ను ఏ విద్యార్థి చిత్రోత్సవానికైనా ధైర్యంగా పంపవచ్చు. ఇప్పుడున్న రూపానికి ఐదింట మూడున్నర ఇస్తున్నాను. లింకు కింద ఉంది. గిలక చప్పుడు సరిగా వినిపించాలంటే హెడ్‌ఫోన్ పెట్టుకుని చూడండి.